బూరుగు దూది కాలంలో రంజాన్

తెలుగు పంచాంగానికీ ఇస్లామీయ పంచాంగానికీ చంద్రుడే ఆధారం. అయితే మన పంచాంగంలో రెండు మూడేళ్లకోసారి అధికమాసం వచ్చి, వెనక్కి జరుగుతున్న ఉగాదిని మళ్లీ వసంతంలో నిలబెడుతుంది. హిజ్రీ సంవత్సరంలో అలా నెలను కలపడాన్ని ఖుర్‌ఆనే కాదన్నది. అందువల్ల 354 లేదా 355 రోజుల ఆ సంవత్సరంలో తొమ్మిదో నెల అయిన రంజాన్, మనం గోడకు తగిలించుకునే క్యాలెండరులో ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తూ, దాదాపు 33 ఏళ్లలో రుతువులన్నిటినీ ఒకసారి చుట్టేస్తుంది. నేను పదేళ్ల వయసులో మొదటిసారి పూర్తి ఉపవాసం ఉన్నది 1986 మే నెలలో. 2019లో రంజాన్ మళ్లీ మే నెలకే వచ్చింది. మధ్యలో వానాకాలపు రంజాన్‌లూ చలికాలపు రంజాన్‌లూ ఎన్నో గడిచిపోయాయి గానీ, ఈ నెల పేరు వినగానే నాకు తలపుకొచ్చేది మాత్రం కడప ఎండలోని రంజానే, బూరుగు దూది కాలంలోని రంజానే.

మాది ప్రొద్దుటూరుకు దగ్గరలోని ఒక పల్లె. మేము దూదేకులవాళ్లం, నూర్‌బాషాలం. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే, నమాజు అరబ్బీలో, మసీదులో ఇమాముగారి ప్రసంగం ఉర్దూలో. ఆ ఉర్దూ మాకు సగమే అర్థమయ్యేది. మా అబ్బ, మా నాన్న పరుపులు కుట్టేవారు. ఎండాకాలమే వాళ్లకు పని దొరికే కాలం. బూరుగు కాయలు పండి పగిలేది ఆ రోజుల్లోనే, పెళ్లిళ్ల ముహూర్తాలు ఉండేదీ ఆ రోజుల్లోనే, పెళ్లికూతురి వెంట పంపే పరుపులు, దిండ్లు కుట్టించుకునేదీ ఆ రోజుల్లోనే. కాబట్టి రంజాన్ మే నెలలో వచ్చిన ఏళ్లలో, మా ఇంట్లో ఉపవాసమూ గొడ్డుచాకిరీ ఒకే నెలలో కలిసివచ్చేవి. ఉపవాసం ఉన్నాం కదా అని పని మానుకోవడం మాకు కుదిరేది కాదు. పని ఉంది కదా అని ఉపవాసం మానుకోవడం నాన్నకు ఇష్టం ఉండేది కాదు.

మా జేజి చిన్నతనంలో మా పల్లెలో పీర్ల పండుగకు ఉన్నంత సందడి రంజానుకు ఉండేది కాదట. నెలంతా ఒక్కపొద్దులుండేవాళ్లు ఊరికి ఒకరో ఇద్దరో. మిగిలినవాళ్లు మొదటి రోజూ, శుక్రవారాలూ, ఇరవై ఏడో రోజూ ఉండి, పండుగ నాడు సేమియా వండుకునేవారు. తరువాతి కాలంలో ఊరూరా తిరిగి నమాజు నేర్పే జమాతులవాళ్లు వచ్చారు, తెలుగులో దీనీ పుస్తకాలు, అంటే మతధర్మం చెప్పే పుస్తకాలు, దొరకడం మొదలైంది, ఇంటింటా పిల్లలు అరబ్బీ చదవడం నేర్చుకున్నారు. ఉర్దూ రానివారికి తెలుగు పుస్తకాలే దిక్కు. ఖుర్‌ఆన్‌ను తెలుగులోకి మొట్టమొదట తెచ్చిన చిలుకూరి నారాయణరావుగారు ముస్లిము కారన్న సంగతి పెద్దయ్యాక తెలిసి, ఆయనపట్ల నాకెంతో గౌరవం కలిగింది. మా నాన్న నాలుగో తరగతితో బడి మానేసినా అక్షరం అక్షరం కూడబలుక్కుని తెలుగు చదివేవాడు. ఉపవాసాన్ని గురించిన ఖుర్‌ఆన్ వాక్యాలను, అంటే రెండో అధ్యాయంలో 183 నుంచి 187 దాకా ఉన్నవాటిని, ఒక చిన్న తెలుగు పుస్తకంలోంచి రంజాన్ మొదటి రాత్రి మా అందరికీ చదివి వినిపించేవాడు. మీకు ముందున్నవారికి విధి అయినట్లే మీకూ ఉపవాసం విధి అయిందని, మీలో దైవభీతి పెరగడానికే అది విధి అయిందని, రోగంతో ఉన్నవారూ ప్రయాణంలో ఉన్నవారూ తరువాతి దినాల్లో ఆ లెక్క తీర్చుకోవచ్చని, అల్లాహ్ మీకు తేలిక చేయాలనుకుంటున్నాడే గాని కష్టపెట్టాలనుకోవడం లేదని అందులో ఉంది. ఈ ఆజ్ఞ దిగింది ప్రవక్త మక్కా విడిచి మదీనాకు చేరిన రెండో ఏట. బద్ర్ దగ్గర యుద్ధం జరిగింది కూడా ఆ ఏడే, రంజాన్ పదిహేడో నాడే. ముస్లింలు మొదటిసారి నెల పొడుగునా ఉపవాసాలున్నది ఎడారిలో, యుద్ధం ముంగిట్లో అని నాన్న చెప్పినప్పుడు, మా ఎండ మాకు కాస్త తక్కువగా తోచేది.

సహర్‌కు, అంటే ఉపవాసం మొదలయ్యేముందు తెల్లవారుజామున తినే తిండికి, లేపడానికి పక్కీరు సాయిబు వచ్చేవాడు. ఒక చేతిలో లాంతరు, మరో చేతిలో తప్పెట. మూడు గంటలకే వీధి మొదట్లో తప్పెట దెబ్బ వినిపించేది. ప్రతి గుమ్మం ముందూ ఆగి, ఇంటి పెద్ద పేరు పెట్టి పిలిచి, లోపలినుంచి బదులు వచ్చిందాకా కదిలేవాడు కాదు. పండుగ నాడు ఇంటింటా ఆయనకు ఇంత బియ్యమో రూపాయో ముట్టేది. ఆయన రాకముందే అమ్మ లేచి పొయ్యి రాజేసి ఉండేది. రాగి సంగటి తింటే పొద్దుగూకేదాకా కడుపులో నిలుస్తుందని ఇంట్లో గట్టి నమ్మకం. సంగటిలోకి చెనిక్కాయల ఊరిబిండి, ఆ తరువాత రాత్రి నీళ్లు పోసి ఉంచిన సద్దన్నంలో మజ్జిగ, ఉల్లిగడ్డ. ఊరిబిండిలో ఉప్పు, కారం తగ్గించి నూరేది అమ్మ, పగలు దప్పిక కాకుండా. ఆకలి లేకపోయినా సహర్ తినే తీరాలి, అందులో శుభముందని ప్రవక్త చెప్పారు అంటూ జేజి మా కంచాల్లో మరో ముద్ద వేసేది. ఆ నెలలో తెల్లవారుజాము అజాన్ నాలుగున్నరకు ముందే వినిపించేది. దానికి కొద్ది నిమిషాల ముందు అందరూ వరుసగా కడవ దగ్గరికి వెళ్లి, కడుపు బరువెక్కేదాకా నీళ్లు తాగేవారు. ఆపైన రేపటి రోజా, అంటే ఉపవాసం, ఉంటున్నానని మనసులో అనుకోవడమే నియ్యత్. అది నోటితో అనకపోయినా చెల్లుతుంది, మనసులో లేకపోతే మాత్రం రోజంతా పస్తున్నా చెల్లదు.

పగటి పనిని గురించి చెప్పాలి. పాత పరుపుల్లో అణగిపోయిన పత్తిని విప్పి విల్లుతో ఏకాలి. బూరుగు దూదినైతే ఎండబెట్టి, సన్నని బెత్తాలతో కొట్టి గింజ వేరుచేయాలి. ఏ పని చేసినా పదినిమిషాల్లో నూగు లేచి గదంతా మంచు పట్టినట్టవుతుంది. కనుబొమలమీద, చెవుల్లో, ముక్కుల్లో దూదే. నాన్న నోటికి తువ్వాలు కట్టుకునేవాడు గానీ, గుడ్డను కూడా దాటి లోపలికి వెళ్లే నూగు ఉంటుంది. మామూలు రోజుల్లో ఆయన గంటకోసారి చెంబెడు నీళ్లు పుక్కిలించి తాగేవాడు. రోజాలో అది లేదు. గొంతులోకి పోయిన ఆ నూగువల్ల రోజా పోతుందేమోనని ఆయనకు పెద్ద దిగులుండేది. ఒకసారి ఆ దిగులుతోనే ప్రొద్దుటూరు వెళ్లి ఒక మౌలానాగారిని అడిగి వచ్చాడు. మనం కోరి మింగనిది, తప్పించుకోలేనిది అయిన దుమ్ము గానీ పిండి గానీ పొగ గానీ గొంతులోకి పోతే రోజాకు భంగం లేదని, పిండిమర పట్టేవాడికీ రాళ్లు కొట్టేవాడికీ దూది ఏకేవాడికీ ధర్మశాస్త్రం ఆ వెసులుబాటు ఎన్నడో ఇచ్చిందని ఆయన చెప్పారట. తిరిగొచ్చి ఆ మాట చెప్పేటప్పుడు నాన్న ముఖంలో కనిపించిన వెలుగు నాకిప్పటికీ గుర్తే. ఎన్నో వందల ఏళ్లకు పూర్వపు పండితులెవరో మావంటి పనివాళ్లను తలచుకున్నారన్నది ఆయనకు గొప్ప సంతోషం. మరిచిపోయి తిన్నా తాగినా కూడా రోజా పోదని, అది అల్లాహ్ తినిపించి తాగించినదని ప్రవక్త చెప్పిన మాటనూ ఆ రోజే మాకు చెప్పాడు.

ఆ ఎండాకాలంలోనే ఒక మధ్యాహ్నం జరిగిన సంగతి నా మనసులో నాటుకుపోయింది. పెళ్లి పరుపులు కుట్టడానికి మాకు పని అప్పజెప్పిన వ్యాపారి ఒకాయన బండి దిగి వచ్చాడు. మంచివాడే, నాన్నకు చాలా ఏళ్లుగా తెలిసినవాడే. కొత్త బూరుగు దూది ధర పెరిగిందని, నడుమ భాగంలో పాత పత్తి కలిపి, అంచుల్లోనూ పైపొరలోనూ కొత్తది సర్దమని ఆయన అన్నాడు. నేను దారం పేనుతూ పక్కనే కూర్చుని ఉన్నాను. నాన్న దబ్బనాన్ని గుడ్డలో గుచ్చి నిలిపి, అది కుదరదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"పైన గుడ్డేసి కుట్టేచ్చే లోపల ఏముండేది ఎవురికి తెల్చాది లేప్పా" అన్నాడాయన.

"నేను ఆ మూలకు బొయ్యి చెంబుడు నీళ్లు తాగినా ఎవురికీ తెల్దు గదన్నా" అన్నాడు నాన్న.

ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, ధర సంగతి పెళ్లివాళ్లతో తానే మాట్లాడతానని చెప్పి వెళ్లిపోయాడు. నాన్న మళ్లీ దబ్బనం అందుకున్నాడు. నాకు ఉపదేశమేదీ చేయలేదు, ఆ మాటను మళ్లీ ఎత్తనూ లేదు. నమాజును పదిమంది చూస్తారు, విధిగా ఇచ్చే దానమైన జకాత్‌ను పుచ్చుకున్నవాడు చూస్తాడు, హజ్‌కు వెళ్లినవాణ్ణి ఊరంతా సాగనంపుతుంది. ఉపవాసాన్ని మాత్రం ఉన్నవాడూ అల్లాహ్ తప్ప మరొకరు చూడలేరు. ఉపవాసం నాకోసం, దాని ప్రతిఫలం నేనే ఇస్తాను అని అల్లాహ్ అన్నట్టు ప్రవక్త చెప్పిన మాటను పెద్దయ్యాక ఎన్నో ప్రసంగాల్లో విన్నాను. అబద్ధమాడటం, మోసంతో బతకడం మానుకోనివాడు తిండీ నీళ్లూ మానుకోవడం అల్లాహ్‌కు అక్కరలేదన్న హదీసునూ, అంటే ప్రవక్త మాటనూ, విన్నాను. విన్న ప్రతిసారీ నాకు ఆ దబ్బనమూ, సగం కుట్టిన ఆ చారల గుడ్డా గుర్తుకొస్తాయి.

మధ్యాహ్నం జొహర్ నమాజు తరువాత పని ఆగేది. కడప బండలు పరిచిన వసారాలో అమ్మ నీళ్లు చల్లేది. ఆ తడి బండమీద చొక్కా విప్పి బోర్లా పడుకుంటే వచ్చే చల్లదనం, ఆ తరువాతి రోజుల్లో ఏ కూలరు కిందా నాకు దొరకలేదు. కాసేపటికి బండ వెచ్చబడేది, పక్క బండకు జరిగేవాళ్లం. పిల్లలకు రోజా విధి కాదు. పొద్దున్నించి మధ్యాహ్నందాకా ఉండి అన్నం తినేస్తే, రెండు పూటలు కలిపి ఒక రోజా అవుతుందని పెద్దలు మమ్మల్ని బుజ్జగించేవారు. నేను మొదటిసారి పొద్దుగూకేదాకా ఉన్నరోజు, సాయంత్రపు అసర్ నమాజు వేళకు నాలుక అంగిటికి అంటుకుపోయింది. కళ్లముందు కడవ ఉంది, ఇంట్లోవాళ్లు నిద్రలో ఉన్నారు. ఆ కడవను చూస్తూ కూర్చున్నాను. భయం కాదు, తాగకుండా ఉండటం నా చేతిలోనే ఉందన్న ఒక కొత్త గర్వం. పిల్లవాడికి తనమీద తనకు గౌరవం కలిగే క్షణాలు బాల్యంలో ఎక్కువ ఉండవు, నాకు అటువంటిది ఆ పగలు దక్కింది. సాయంత్రం జేజి మల్లెపూల దండ మెడలో వేసింది, కొత్త చొక్కా తొడిగించారు, చుట్టుపక్కలవాళ్లు వచ్చి చేతిలో తలా ఒక రూపాయి పెట్టి దీవించారు. హైదరాబాదులో దీన్ని రోజా రఖాయి అని పెద్ద వేడుకగా చేస్తారని తరువాత చూశాను. మా ఇంట్లో జరిగింది చిన్న వేడుకే, అయినా వీధి వీధంతా వచ్చింది. ఎదురింటి రెడ్డిగారి అవ్వ చెంబు నిండా బెల్లం పానకం, అందులో మిరియాలూ యాలకులూ పొడి చేసి వేసి తెచ్చి, అజాన్ అయిందాకా నా పక్కనే కూర్చుంది.

ఇఫ్తార్ అనగానే ఇప్పుడు బల్లనిండా పండ్లూ సమోసాలూ గుర్తుకొస్తాయి. అప్పుడు మాకు ఉప్పు కల్లు ఒకటి నాలుకమీద పెట్టుకోవడం, ఆ తరువాత నానబెట్టిన ఎండు ఖర్జూరం ముక్క, గుక్కెడు నీళ్లు. అంతే. మసీదుకు వెళ్లినవాళ్లకు గంజి. రాయలసీమ మసీదుల గంజి రుచి తెలియనివారికి దాన్ని వర్ణించి చెప్పడం కష్టం. మసీదు వెనక మూడు రాళ్లమీద పెద్ద డేక్షా ఎక్కించి, బియ్యపు నూకలు, పెసరపప్పు, మెంతులు, అల్లం వెల్లుల్లి, పుదీన, కొత్తిమీర వేసి, ఎవరైనా దాతలుంటే ఆ రోజు ఇంత ఖీమా కూడా వేసి, మధ్యాహ్నం మూడింటినుంచి గరిటె ఆపకుండా కలిపేవారు. రోజంతా ఎండిన కడుపులో మొదట దిగవలసినది అటువంటి మెత్తని పదార్థమేనని నా గట్టి అభిప్రాయం. నూనెలో వేగినవాటితో రోజా విప్పడం ఈ మధ్య పెరిగిపోయిన అలవాటు, అది నాకు నచ్చదు. ఎవరి గిన్నె వారు తెచ్చుకోవాలి. ఇఫ్తారుకు అరగంట ముందు పిల్లలందరం సత్తు గిన్నెలు పట్టుకుని వరుసలో నిలబడేవాళ్లం. మతం అడిగి పోసేది లేదు, గిన్నె చాపినవాడికల్లా గంజి పోయడమే. పొద్దు గూకేది ఆరున్నర దాటాక. పద్నాలుగు గంటలకు పైగా సాగిన ఉపవాసంలో ఆఖరి పది నిమిషాలే పొడుగు. అయితే ఆ పది నిమిషాల్లో చేసిన దుఆ, అంటే వేడుకోలు, వృథాగా తిరిగిరాదని నమ్మకం కాబట్టి, ఎదురుగా గిన్నె ఉన్నా అందరి కళ్లూ మూసుకునే ఉండేవి, పెదవులు మాత్రం కదులుతుండేవి.

మంచి ఖర్జూరం మా ఊరికి కువైట్‌నుంచి వచ్చింది. కడప జిల్లాలో కువైట్‌కు పనికి వెళ్లినవారు లేని వీధి అరుదు. మా చిన్నాయన అక్కడ ఒక ఇంట్లో డ్రైవరుగా కుదిరాక, రంజానుకు ముందు ఊరికి వచ్చేవారెవరి చేతనైనా ఖర్జూరం డబ్బా పంపేవాడు. గింజ తీస్తే వేలికి అంటుకునే ఆ మెత్తని పండును జేజి కత్తిపీటమీద నాలుగు ముక్కలు చేసి, మసీదుకు సగం, ఇరుగుపొరుగుకు సగం పంచిపెట్టేది. చిన్నాయనకు చాలా ఏళ్లు మాకంటే ఒక రోజు ముందే నెలవంక కనిపించేది, ఒక రోజు ముందే పండుగ అయ్యేది. ఆ రోజు ఆయన అక్కడ ఒంటరిగా సేమియా తింటున్నాడని, మేమిక్కడ ఇంకా రోజాలోనే ఉన్నామని తలచుకుని జేజి కళ్లు తుడుచుకునేది. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు ఆయన కట్టుబట్టలతో తిరిగొచ్చాడు. 1991 మార్చిలో వచ్చిన రంజానుకు మా ఇంట్లో ఖర్జూరం డబ్బా లేదు. మళ్లీ ఉప్పు కల్లూ ఎండు ఖర్జూరమే. చాలా ఏళ్ల తరువాత తన కొడుకులిద్దరూ ఒకే వరుసలో కూర్చుని రోజా విప్పడం చూసిన జేజికి అంతకంటే మంచి రంజాన్ లేదు.

రాత్రి ఇషా నమాజు తరువాత రంజాన్ నెలలో చేసే ప్రత్యేక నమాజు తరావీహ్, ఇరవై రకాతులు. నిలబడి, వంగి, సాష్టాంగపడే ఒక్కో వరుస ఒక రకాతు. పట్టణాల్లో ఖుర్‌ఆన్ కంఠస్థం చేసిన హాఫిజులు రోజుకు ఇంత భాగమని చదువుతూ, ముప్పై భాగాల గ్రంథాన్నీ నెల నిండేలోగా పూర్తిచేస్తారు. మా పల్లె మసీదుకు హాఫిజును పిలిపించే స్తోమతు లేదు. ఖుర్‌ఆన్‌లోని అధ్యాయాన్ని సూరా అంటారు. అటువంటి మసీదుల్లో 'అలమ్ తర' అని మొదలయ్యే సూరానుంచి చివరి సూరా దాకా ఉన్న పది చిన్న సూరాలను రెండుసార్లు చదివి ఇరవై రకాతులు ముగిస్తారు. ఏటా నెల పొడుగునా రాత్రికి రెండుసార్లు అవే పది సూరాలు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే అవి నాకు నోటికి వచ్చేశాయి. నమాజు మసీదు ముంగిట్లో, ఆరుబయట, ఈత చాపలమీద. పగలంతా కాలిన నేల వేడి చాప గుండా నుదుటికి తగిలేది.

మా జేజి ఆఖరి ఏళ్లు తలచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది. చక్కెర వ్యాధి ముదిరి, ఉపవాసం ఉండకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. మళ్లీ కోలుకుని తీర్చుకునే ఆశలేని రోగికీ, ముసలివారికీ ఇస్లాం ఫిద్యా అన్న దారి చూపింది: విడిచిన ఒక్కొక్క రోజాకు ఒక పేదవానికి కడుపునిండా అన్నం పెట్టడం. ఆ మాట ఖుర్‌ఆన్‌లోనే ఉంది, ఇందులో సిగ్గుపడవలసినది లేదు, అల్లాహ్ ఇచ్చిన సౌకర్యాన్ని అందుకోవడం కూడా విధేయతే అని ఇమాముగారు ఇంటికి వచ్చి మరీ చెప్పారు. అయినా జేజి మొదటి రోజు ఏడ్చింది. మరుసటి రోజునుంచి ఆ ఫిద్యానే తన రోజాగా చేసుకుంది. అందరితోపాటు సహర్‌కు లేచేది. తాను తినవలసిన పూట, ఎవరికీ కనబడకుండా వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని, మందుతోపాటు రెండు ముద్దలు మింగేది. పొద్దుగూకే వేళకు, ఊరి చివర ఉండే ఒక ముసలాయన కోసం తన చేత్తో సంగటి కెలికి, పప్పు తాలింపు పెట్టి, మంచి కంచంలో వడ్డించేది. ఆయన తింటున్నంతసేపూ విసనకర్రతో విసురుతూ ఎదురుగా కూర్చునేది. కూర నచ్చిందా, ఉప్పు సరిపోయిందా అని అడిగేది. ఆయన ముస్లిం కాడు. ఇమాముగారిని అడిగితే, ఫిద్యా ఇచ్చే విషయంలో పండితుల మాట వేరుగా ఉందని, దానిని పేద ముస్లిముకు పెట్టి, ఈయనకు వేరుగా దానంగా పెట్టమని చెప్పారు. ఆ తరువాతినుంచి మా వసారాలో రెండు కంచాలు పడ్డాయి. ఆమె దేన్నీ తగ్గించుకోలేదు.

ఆఖరి పది రోజులకు ఊరి స్వరూపం మారేది. ఒక పెద్దాయన ఊరందరి తరఫునా మసీదులో ఒక మూల దుప్పటి అడ్డం కట్టుకుని ఏతెకాఫ్‌లో, అంటే మసీదు వదలకుండా ఆరాధనలో, కూర్చునేవాడు. పండుగ నెలవంక కనబడిందాకా బయటికి రాడు, ఇంటినుంచి అన్నం పంపుతారు. ఊరిలో ఒక్కరైనా అలా కూర్చోకపోతే లోటు అందరిదీ అవుతుందని చెప్పేవారు. ఖుర్‌ఆన్ దిగిన షబే ఖద్ర్, వెయ్యి నెలలకంటే మేలైన ఆ రాత్రి, ఆ పదింటిలోని బేసి రాత్రుల్లో దాగి ఉందంటారు. మావాళ్లు ఇరవై ఏడో రాత్రి జాగారం చేసేవారు. జకాత్ మా ఇంటికి వర్తించేది కాదు. ఏడున్నర తులాల బంగారమో, యాభై రెండున్నర తులాల వెండియో, ఆ విలువగల సొమ్మో ఏడాది పాటు చేతిలో నిలిచినవారు వందకు రెండున్నర వంతున తీసి ఇవ్వాలి. మా ఇంట్లో అంత ఏనాడూ నిలవలేదు. చెప్పాలంటే మేము జకాత్ పుచ్చుకోదగినవాళ్లమే, ఒక ఏడు నాన్న పుచ్చుకున్నాడు కూడా. అది బిచ్చం కాదని, ఉన్నవాడి సొమ్ములో లేనివాడికి అల్లాహ్ రాసిపెట్టిన వాటా అని మాతో చెప్పి మరీ పుచ్చుకున్నాడు. ఆ మాట విని పెరిగినందువల్ల, ఉద్యోగం వచ్చిన కొన్నేళ్లకు మొదటిసారి జకాత్ లెక్క కట్టి ఇచ్చేటప్పుడు, ఇస్తున్నానన్న భావం నాలో రానివ్వకూడదని గట్టిగా అనుకున్నాను. ఫిత్రా మాత్రం మేమూ ఇచ్చేవాళ్లం. ఇంట్లో తలకొకటి చొప్పున, దాదాపు పావు తక్కువ రెండు కిలోల గోధుమల ఖరీదు, పండుగ నమాజుకు ముందే పేదలకు చేరాలి. మా చెల్లెలు పుట్టిన ఏడు, ఇంకా కళ్లు సరిగా తెరవని ఆ పసిగుడ్డు పేరన కూడా నాన్న లెక్కపెట్టి ఇచ్చాడు.

నెలవంక కబురు రేడియోలో వచ్చేది. హైదరాబాదు రుయతె హిలాల్ కమిటీ ప్రకటన కోసం మసీదు ముంగిట ట్రాన్సిస్టరు చుట్టూ ఊరంతా మూగేది. కబురు అందాక జరిగే సంబరం ప్రతి ఇంటా ఒకటే, షీర్ ఖుర్మా, అత్తరు, కొత్త బట్టలు, ఈద్గా నమాజు, ఆలింగనాలు. దాన్ని గురించి అందరూ రాశారు. పండుగ నాటి ఉదయం నీళ్లు తాగబోతూ ఒక్క క్షణం చెయ్యి ఆగేది, ఆ తడబాటు మాత్రం ఇప్పటికీ నాకు ఏటా కలుగుతుంది.

చదువుకోసం హైదరాబాదు వెళ్లాక రంజాన్ చలికాలంలోకి జరిగింది. డిసెంబరులో ఉపవాసం పన్నెండున్నర గంటలకు మించదు, దప్పిక తెలియదు. మక్కా మసీదులో జుమతుల్ విదా నాడు, అంటే రంజాన్ ఆఖరి శుక్రవారం నాడు, చార్మినారు దాకా సాగిన నమాజు వరుసల్లో నిలబడ్డాను. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హలీమును, ఆ గుర్తింపు రాకముందు ఎన్నో రాత్రులు భట్టీల పక్కనే నిలబడి తిన్నాను. అవన్నీ బాగున్నాయి. అయితే నగరంలో నాకు కనిపించిన రంజాన్ ఎక్కువగా రాత్రిది, అంగళ్లది. మా పల్లెలోది పగటిది, పనిది.

2019 మే నెలలో మళ్లీ ఆ ఎండ వచ్చింది. అప్పటికి నాన్న లేడు, విల్లు అటకమీద ఉంది, బూరుగు పరుపులు అడిగేవారు తగ్గిపోయారు. ఆ మరుసటి ఏడు రంజాన్ మొదలైంది ఏప్రిల్ 25న, లాక్‌డౌన్ నడుమ. మసీదుల్లో సామూహిక నమాజు ఆగిపోయింది. నేను హాఫిజును కాను. ఇంట్లోనే చాపలు పరిచి, వెనక అమ్మ, నా భార్య, పిల్లలు నిలబడగా, 'అలమ్ తర'నుంచి ఆ పది సూరాలతోనే నెలంతా తరావీహ్ చదివించాను. ఊరి మసీదు తడబడకుండా నేర్పిన చదువు అది. పిల్లలకు కూడా ఆ నెల తిరిగేసరికి అవి నోటికి వచ్చాయి.

ఇప్పుడు అమ్మకు డాక్టరు ఉపవాసం వద్దన్నాడు. ఫిద్యా డబ్బు ఒక అనాథ శరణాలయానికి ఫోనులోంచే పంపేస్తాను, రసీదు కూడా వస్తుంది అని చెప్పాను. డబ్బుగా ఇచ్చినా చెల్లుతుందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. "మీ జేజి ఎట్ల పెట్టిందో సూసినావు గదా నాయనా" అంది. మా అపార్టుమెంటుకు ఎదురుగా కడుతున్న భవనం దగ్గర, బీహారునుంచి వచ్చిన ఒక ముసలి కూలీ రోజాలుంటున్నాడు. ఇఫ్తార్ వేళకు అమ్మ ఆయన కోసం గంజి కాచి, క్యారియరులో పోసి, మెట్లు దిగలేక నా చిన్నకూతురి చేత పంపుతుంది. ఆ పిల్ల తిరిగిరాగానే ఉప్పు సరిపోయిందన్నాడా అని అడుగుతుంది. ఆయనకు తెలుగు రాదు, ఈ పిల్ల హిందీ ఆయనకు అంతంత మాత్రమే అర్థమవుతుంది. అయినా పిల్ల రోజూ అడిగి, జవాబు పట్టుకొస్తుంది.